మాలి నుంచి లైసెన్సు దాకా: హైదరాబాదు తోటల కాంట్రాక్టు కథ (6వ భాగం)

ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా భూమి గురించి, హాస్టళ్ళ గురించి, బ్యాక్‌లాగ్ పోస్టుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కొంచెం వింతగా అనిపించే విషయం ఎత్తుకుంటున్నాను: తోటలు. పార్కులో గడ్డి కత్తిరించడం, డివైడర్ మీద మొక్కలకు నీళ్ళు పట్టడం, ఐటీ క్యాంపస్ ముందు పచ్చిక పరచడం. ఈ పని ఎవరు చేస్తారో రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ పని టెండర్ ఎవరి పేరు మీద ఉందో మాత్రం ఎవరూ చూడరు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరానికి ఒక చరిత్ర ఉంది. అందులో ఒక చట్టం ఉంది, కొన్ని తీర్పులు ఉన్నాయి, మా ఇంటి మనిషి ఒకాయన కూడా ఉన్నాడు.

ముందు ఒక తేదీ చెప్తాను. 2003. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టానికి రాష్ట్ర సవరణ చేసింది. సంస్థ ‘కీలక కార్యకలాపం’లో కాంట్రాక్టు కూలీలను పెట్టుకోకూడదు అని ఒక వాక్యం రాసింది. చదవగానే ఎంత మంచి చట్టం అనిపిస్తుంది. ఆ తర్వాత, ఏవేవి కీలక కార్యకలాపం కిందికి రావో ఒక జాబితా ఇచ్చింది. ఊడ్వడం, తుడవడం, చెత్త ఎత్తడం. కాపలా. క్యాంటీన్. సరుకు ఎక్కించడం, దించడం. హౌస్‌కీపింగ్, బట్టలు ఉతకడం. తోటపని, పచ్చిక బయళ్ళ నిర్వహణ.

ఈ జాబితాను మళ్ళీ ఒకసారి చదవండి. మన ఊళ్ళల్లో వెట్టి జాబితా ఇంచుమించు ఇదే కాదా? ఊరు ఊడ్చేది ఎవరు, పంటకు కావలి ఉండేది ఎవరు, బరువులు మోసేది ఎవరు, బట్టలు ఉతికేది ఎవరు? చట్టం కులం పేరు ఎక్కడా ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా రాలేదు. పని పేరు చెప్తే కులం దానంతట అదే వచ్చి నిలబడే దేశం మనది. కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని బాబాసాహెబ్ ఎందుకన్నాడో నాకు ‘కుల నిర్మూలన’ చదివినప్పటికన్నా ఈ సవరణ చదివినప్పుడు బాగా అర్థమైంది.

అది మన రాష్ట్రంతో ఆగలేదు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కీలక కార్యకలాపం నిర్వచనం చూడండి. దాదాపు అదే జాబితా, అదే వరుస. తోటపని కూడా అందులో ఉంది. మన దగ్గర పుట్టిన వాక్యం 17 ఏళ్ళకు దేశం మొత్తానికి చట్టం అయింది. తెలుగువాడి ఘనత గురించి సభలు పెట్టేవాళ్ళు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

2003 ముందు సంగతి ఏమిటి అని మీరు అడుగుతారు. చెప్తాను. 1970 చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. 1976 డిసెంబరులో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్వడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం అనే పనులకు కాంట్రాక్టు కూలీలు వద్దంది. తోటపని అప్పుడు కూడా అందులో లేదు. అయినా చాలా ప్రభుత్వ సంస్థల్లో మాలి అనేది నాలుగో తరగతి ఉద్యోగం. స్కేలు ఉండేది, డీఏ ఉండేది, పెన్షన్ ఉండేది. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. నిషేధం ఉన్న పనిలో కాంట్రాక్టు కూలీలను పెట్టుకుంటే వాళ్ళను సంస్థే నేరుగా ఉద్యోగులుగా తీసుకోవాలంది. ఐదేళ్ళు కూడా ఆ తీర్పు నిలవలేదు. 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆపోఆప ఉద్యోగం రాదంది, 1976 నోటిఫికేషన్‌ను కూడా రద్దు చేసింది. రెండేళ్ళకు మన శాసనసభ జాబితా రాసింది. 1996, 2001, 2003. ఈ మూడు సంవత్సరాలు విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. మన తల్లిదండ్రుల ఉద్యోగాలు ఎప్పుడు, ఏ గదిలో పోయాయో ఈ మూడే చెప్తాయి.

మా చిన్నాయన ఒక ప్రభుత్వ విద్యాసంస్థలో మాలి. మస్టర్ రోల్ మీద చేరి, ఏడేళ్ళ తర్వాత పర్మినెంట్ అయ్యాడు. ఆయన జీతంతో వాళ్ళ పిల్లలే కాదు, నేను కూడా చదివాను. నా ఎంఏ ఫీజు, పీహెచ్‌డీలో ఫెలోషిప్ రాని నెలల మెస్ బిల్లు అన్నీ గులాబీ కొమ్మలు కత్తిరించిన ఆ చేతుల నుంచి వచ్చినవే. ఆయన రిటైర్ అయ్యాక ఆ పోస్టు నింపలేదు. ఆయన తోటలో ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. ఏజెన్సీ మారినప్పుడల్లా వాళ్ళ చొక్కా రంగు మారుతుంది, సర్వీసు మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. వాళ్ళ పిల్లల్లో ఎవరూ ఆ జీతంతో పీహెచ్‌డీ దాకా రాలేరు. నాకు ఈ విషయం పట్ల ఉన్న కోపం సిద్ధాంతం నుంచి వచ్చింది కాదు.

తెలుగు సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక పక్కదారి పడతాను, క్షమించాలి. ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని మన లాక్షణికులు చెప్పారు. అందులో ఉద్యాన విహారం ఒకటి. ప్రతి ఏడూ పరీక్షలో వస్తుంది. రాజకుమారి తోటలో తిరుగుతుంది, పూలు కోస్తుంది, చిలకతో మాట్లాడుతుంది. అంత పెద్ద తోటకు నీళ్ళు మోసిన మనిషి ఎవరు? వర్ణనలో ఆ మనిషి కనిపించడం చాలా అరుదు. ఆముక్తమాల్యద సంగతి చూడండి. అందులో విష్ణుచిత్తుడు స్వయంగా తోట పెంచి దేవుడికి మాలలు కడతాడు, ఆయనది బ్రాహ్మణ భక్తి. అదే కావ్యంలో మాలదాసరి ఉన్నాడు. ఆయన తెల్లవారుజామున వచ్చి గుడి బయటే నిలబడి పాడి వెళ్ళిపోవాలి. తోట ఒకరికి, గోడ ఇంకొకరికి. ఇక కరుణశ్రీ పుష్పవిలాపం ఘంటసాల గొంతులో వినని తెలుగువాడు లేడు. పువ్వు ఏడుపు విని మనమూ ఏడ్చాం. తోటమాలి కూలి గురించి ఏడ్చిన పాట ఏదైనా అంత పేరు తెచ్చుకుందా? మీకు తెలిస్తే చెప్పండి, నా క్లాసులో చెప్పుకుంటాను.

అసలు తోట, కాంట్రాక్టు అనే రెండు మాటలు కలిసి ఉన్న మనిషి మన ఉద్యమ చరిత్రలోనే ఒకాయన ఉన్నాడు. మహాత్మా జోతిరావు ఫూలే. ఆయన కుటుంబం ఇంటిపేరు గోర్హే. పీష్వాల దర్బారుకు పూలు అందించిన పనివల్ల ఫూలే అయ్యారు. ఆయన మాలి కులస్థుడు, అంటే శూద్రుడు. అంటరానివాడు కాదు, ఆ తేడా మనం మర్చిపోకూడదు. ఆయన బడి పెట్టాడు, సత్యశోధక సమాజం పెట్టాడు అని మనం చదువుతాం. ఆయన కాంట్రాక్టర్ అని మాత్రం చాలామందికి తెలియదు. పూణే కమర్షియల్ అండ్ కాంట్రాక్టింగ్ కంపెనీలో ఆయన భాగస్వామి. ఖడక్‌వాస్లా డ్యాం కట్టేటప్పుడు సామగ్రి సరఫరా చేశాడు. 1876 నుంచి కొన్నేళ్ళు పూణే మునిసిపాలిటీ సభ్యుడు. ఇంజనీరింగ్ శాఖలో పై ఇంగ్లీషు దొరకూ కింది కూలీకీ మధ్య కూర్చున్న బ్రాహ్మణ గుమాస్తాలు లెక్కల్లో ఏం చేస్తారో ఆయన రాశాడు. అది ఎక్కడో విని రాసింది కాదు, బిల్లు కోసం ఆ బల్ల ముందు నిలబడి చూసి రాసింది. నేను చెప్పబోయే హైదరాబాదు కథ అర్థం కావాలంటే ఆ బల్ల దగ్గరికే పోవాలి.

హైదరాబాదు తోటల నగరమని పేరు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా బాగ్‌నగర్ పేరును తోటతోనే ముడిపెట్టి రాసుకున్నాడు. ఆ మాట నిజమా, భాగమతి కథ నిజమా అనే గొడవలోకి నేను పోను. బాగ్ లింగంపల్లి, బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్ అంబర్‌పేట లాంటి పేర్లు మాత్రం మిగిలాయి, తోటలు పోయాయి. 1908 మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. నది ఒడ్డున ఉద్యానాలు, వెడల్పు రోడ్లు, మురికివాడల తొలగింపు అన్నీ ఒకే ప్రణాళికలో భాగాలు. పేదల ఇళ్ళు తీసిన చోటుకే పచ్చదనం రావడం అప్పటి నుంచే ఉంది. తర్వాత హుడా, 2007లో జీహెచ్‌ఎంసీ, 2008లో హుడా స్థానంలో హెచ్‌ఎండీఏ. 2015 జూలైలో హరితహారం. 2019 మునిసిపల్ చట్టం ప్రతి పట్టణం తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది.

పది శాతం అంటే చిన్న డబ్బు కాదు. అందుకే ఇది మార్కెట్ అయింది. ఆ డబ్బు ఎటు పోయిందో చెప్పడానికి ఒక్క మొక్క చాలు: కోనోకార్పస్. త్వరగా పెరుగుతుంది, పశువులు తినవు, ఫొటోలో పచ్చగా కనిపిస్తుంది, 85 శాతం లెక్క సులువుగా నిండుతుంది. ఊరూరా, డివైడర్ డివైడర్‌కూ నాటారు. తర్వాత ఆరోగ్యానికి, భూగర్భ జలానికి మంచిది కాదని ప్రభుత్వమే వద్దంది. నాటడానికి ఒక బిల్లు, నరకడానికి ఇంకో బిల్లు.

ఇప్పుడు ఈ మార్కెట్‌లోకి మనవాడు ఒకడు పోవాలంటే ఏం కావాలో చూద్దాం.

నా దగ్గర బీఏ చదివిన ఒక తమ్ముడు ఉన్నాడు. నాగర్‌కర్నూల్ వైపు ఊరు, మాదిగ కుటుంబం. వాళ్ళ నాన్న గుంపు మేస్త్రీ కింద పాలమూరు కూలీగా దేశమంతా తిరిగినవాడు. ఈ తమ్ముడు డిగ్రీ అయ్యాక ఒక పెద్ద కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌గా చేరి, తర్వాత అతని కిందనే పెట్టీ కాంట్రాక్టులు చేశాడు. ఏ నేలకు కొరియన్ గడ్డి పడుతుంది, ఏ నీడలో పట్టదు, ఎర్రమట్టి ఎంత లోతు పోయాలి, కడియం నుంచి వచ్చిన లారీలో ఏ మొక్క వేరు తెగి వచ్చిందో చూడగానే చెప్తాడు. సొంతంగా టెండర్ వేద్దామనుకున్నాడు. లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి సార్ అని అడిగాడు. అప్పటి నుంచి ఇద్దరం కలిసి ఈ చదువు చదువుతున్నాం.

హైదరాబాదులో ‘ల్యాండ్‌స్కేపింగ్ లైసెన్సు’ అని ఒకే కాగితం లేదు. ఒక కట్ట ఉంది. సర్కారు పనికి సివిల్ కాంట్రాక్టర్‌గా తరగతి ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న పనులకు కింది తరగతి, పెద్ద వాటికి పై తరగతి. పాన్, జీఎస్టీ నంబరు. డిజిటల్ సంతకం, ఎందుకంటే 2003 నుంచి మన దగ్గర టెండర్లు ఈ-ప్రొక్యూర్‌మెంట్ మీదే. కూలీల సంఖ్య దాటితే లేబర్ లైసెన్సు. 1970 చట్టం 20 మంది అంది, 2020 కోడ్ దాన్ని 50 చేసింది. పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్‌ఐకి 10 మంది ఉంటేనే చట్టం వర్తిస్తుంది కానీ ఐదుగురి పనికి కూడా టెండర్ షరతుల్లో ఆ నంబర్లు అడుగుతారు. జీఎస్టీ కూడా అంతే. 20 లక్షల లోపు సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చట్టం, నంబరు లేకపోతే ఫారం తెరుచుకోదు. తమాషా ఏమిటంటే మొక్కల మీద జీఎస్టీ లేదు. పార్కులు, తోటలు రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మునిసిపాలిటీ బాధ్యత కాబట్టి, వాటికి కేవలం కూలీ సేవ అందిస్తే దాని మీద కూడా పన్ను మినహాయింపు ఉంది. గేటెడ్ కమ్యూనిటీలో అదే పనికి 18 శాతం. ఈ తేడా తెలియక మొదటి ఏడాది చేతి డబ్బు కట్టినవాళ్ళు నాకు తెలుసు.

ఇవన్నీ తిరిగితే దొరికే కాగితాలు. మీసేవలో నిలబడాలి, ఆడిటర్‌కు కొంత ఇవ్వాలి, అంతే. రెండు కాగితాలు మాత్రం తిరిగితే దొరకవు.

మొదటిది సాల్వెన్సీ. నీకు ఇంత విలువైన స్థిరాస్తి ఉందని తహసీల్దారో, ఇంత స్తోమత ఉందని బ్యాంకో రాసివ్వాలి. ఈ తమ్ముడి కుటుంబానికి రెండెకరాలు ఉంది. అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం అది అమ్మడానికి వీల్లేదు. అమ్మడానికి వీల్లేని భూమికి మార్కెట్ విలువ ఎలా కట్టాలని ఆఫీసులో అడిగారు. న్యాయంగానే అడిగారు. 1977 చట్టం లేకపోతే ఆ రెండెకరాలు ఎప్పుడో ఎవరి చేతిలోనో ఉండేవి, ఆ చట్టం ఉండాల్సిందే. అసలు చిక్కు సాల్వెన్సీ నిబంధన రాసినవాడిది. ఆస్తి అంటే పట్టా భూమి, రిజిస్టర్ అయిన ఇల్లు అనే తలతోనే రాశాడు. ఎస్సీల చేతిలో ఉన్న భూమిలో ఎంతభాగం సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమో ఊళ్ళల్లో పెరిగిన మీకు తెలుసు. సర్కారు ఇచ్చిన భూమిని సర్కారే పూచీకత్తుగా ఒప్పుకోదు.

రెండోది అనుభవ పత్రం. గడిచిన సంవత్సరాల్లో ఇలాంటి పని ఇంత విలువకు చేసినట్టు ఇంజనీరు సంతకంతో కాగితం కావాలి. తమ్ముడు చేసింది ఎనిమిదేళ్ళ పని. ఎం-బుక్‌లో, బిల్లులో, సర్టిఫికెట్‌లో ఉన్న పేరు మాత్రం పెద్ద కాంట్రాక్టర్‌ది. అతను ఒక్క మాట అన్నాడు: ‘సార్, ఎనిమిదేండ్లు నేను నాటిన చెట్లన్నీ వేరేటోళ్ళ పేరు మీదున్నయ్.’ ఆ పెద్దాయన తోటలోకి ఎన్నిసార్లు వచ్చాడు అని అడిగాను. బిల్లు పాసైన రోజు ఫోన్ చేసేవాడట.

సరే, ఈ రెండూ ఎలాగో సంపాదించాడని అనుకోండి. ఇప్పుడు డబ్బు లెక్క. నేను లెక్కల మాస్టారును కాను, కానీ ఉద్యమంలో ఉన్నవాళ్ళకు ఈ లెక్క రావాలి. ఉదాహరణకు ఏడాది పాటు ఒక పార్కు నిర్వహణకు 10 లక్షల అంచనా వేశారనుకుందాం. అంచనాలో కాంట్రాక్టర్ లాభం, పైఖర్చులు కలిపి దాదాపు 14 శాతం ఉంటుంది. ఈఎండీ 2.5 శాతం, అంటే 25,000 ముందే కట్టాలి. ఇప్పుడు పోటీ. మన దగ్గర దీన్ని ‘లెస్‌కు వేయడం’ అంటారు. 15 లెస్, 20 లెస్, 24 లెస్. పాతిక శాతం కన్నా కిందికి పోతే ఆ తేడాకు అదనపు పూచీ కట్టాలనే నిబంధన ఉంది కాబట్టి పందెం ఆ గీత పైనే ఆగుతుంది. మన తమ్ముడు 20 లెస్‌కు వేసి పని దక్కించుకున్నాడు. చేతికి రావాల్సింది 8 లక్షలు.

నలుగురు కూలీలు, నెలకు ఒక్కొక్కరికి 12,500 చొప్పున ఏడాదికి 6 లక్షలు. యజమాని వాటా పీఎఫ్ 13 శాతం, 78,000. ఈఎస్‌ఐ 3.25 శాతం, 19,500. కొన్ని టెండర్లలో ఇవి విడిగా ఇస్తారు, ఇవ్వనివీ ఉన్నాయి. మొత్తం 6,97,500. మిగిలింది 1,02,500. అందులో బిల్లుల నుంచి 7.5 శాతం పట్టి ఉంచుతారు, 60,000. ఆదాయపు పన్ను ఒక శాతం, 8,000. ఆ ఏడాదిలో చేతిలో ఉండేది 34,500. ఎరువు, పురుగుమందు, గడ్డికోత మిషన్ పెట్రోలు, పారలు, చనిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి, ఆటో కిరాయి, ఆఫీసులో ‘అందరికీ ఇచ్చేది’, తన ఇంటి ఖర్చు అన్నీ ఇందులోంచే. బిల్లు నాలుగు నెలలు ఆగిందనుకోండి. జీతాలకు 2 లక్షలు బయట తేవాలి. మూడు రూపాయల వడ్డీ అయితే నెలకు 6,000.

ఈ లెక్క సాగదు. ఎవరికీ సాగదు. అయినా టెండర్లు పడుతూనే ఉన్నాయి, పార్కులు పచ్చగానే ఉన్నాయి. ఎలా? రిజిస్టర్‌లో నలుగురు, తోటలో ముగ్గురు. ఒక్క మనిషిని తీసేస్తే ఏడాదికి లక్షా డెబ్బైవేలు మిగులుతుంది. లేదా నలుగురూ ఉంటారు, 12,500 మీద సంతకం పెట్టి 9,000 తీసుకుంటారు. ఏటీఎం కార్డు మేస్త్రీ దగ్గర ఉంటుంది. లెస్ అనే మాట ఎంత అమాయకంగా ఉంది! 20 శాతం లెస్ అంటే అంత మేర ఒకామె కూలి లెస్.

ప్రైవేటు మార్కెట్ ఇంతకన్నా మంచిదా? బిల్లు కొంచెం త్వరగా వస్తుంది. కానీ గచ్చిబౌలి, మాదాపూర్ వైపు పెద్ద క్యాంపస్‌లు తోటపనిని విడిగా ఇవ్వవు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, తోటపని అన్నీ కలిపి ఒకే ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీకి ఇస్తాయి. ఆ ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో చూశారా? 2003 జాబితా! చట్టం ఏ పనులను ఒక మూటకట్టి బయట పెట్టిందో మార్కెట్ ఆ మూటనే అమ్ముతోంది. ఆ పెద్ద కంపెనీ కింద చదరపు అడుగు చొప్పున మళ్ళీ పెట్టీ కాంట్రాక్టు దొరుకుతుంది. మొక్కలు సరఫరా చేసి లాభం తీద్దామంటే నర్సరీ కావాలి, నర్సరీకి నీళ్ళున్న భూమి కావాలి. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల్లో నేను తిరిగినప్పుడు సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్ళను మీది ఏ ఊరమ్మా అని అడిగితే ఎక్కువమంది పేట పేరే చెప్పారు. నర్సరీ బోర్డు మీద పేట పేరు చూడలేదు.

మరి రిజర్వేషన్ లేదా? ఉంది. 2012లో కేంద్రం చిన్న పరిశ్రమల నుంచి కొనుగోళ్ళ విధానం తెచ్చింది. కేంద్ర సంస్థల కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి ఉండాలంది. తొలి ఏళ్ళలో అది దానికి చాలా దూరంలోనే ఆగిపోయింది. పైగా అది సరుకులకు, సేవలకే, నిర్మాణ పనులకు కాదు. పక్కన కర్ణాటక 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం అని చట్టంలోనే రాసుకుంది, 2023లో ఆ పరిమితిని కోటికి పెంచింది. మన దగ్గర కూడా చిన్న పనుల్లో వాటా ఇచ్చే ఉత్తర్వులు ఉన్నాయి. వాటితో పాటు ఇంకో వ్యాపారం కూడా పుట్టింది: లైసెన్సు అద్దె. ఎస్సీ పేరు మీద పని, పెట్టుబడి ఇంకొకరిది, సంతకం పెట్టినందుకు రెండో మూడో శాతం. మన తమ్ముడికి కూడా అలాంటి ఫోన్లు వచ్చాయి. సాల్వెన్సీ మేము చూసుకుంటాం, నువ్వు ఊరికే ఉండు అన్నారు. వాళ్ళకు కావాల్సింది కుల ధ్రువపత్రం మాత్రమే. అనుకోకుండా మన సర్టిఫికెట్‌కు మార్కెట్‌లో ధర పలికిన చోటు ఇదొక్కటే!

ఇక్కడ మన ఉద్యమంలోనే ఒక వాదన ఉంది, దాన్ని దాచడం ఇష్టం లేదు. 2002 భోపాల్ డిక్లరేషన్ నుంచి ఒక పక్షం అంటున్నది: ఉద్యోగాలు తగ్గిపోతున్నాయి, ప్రభుత్వ కొనుగోళ్ళలో వాటా అడుగుదాం, మనవాళ్ళు యజమానులు కావాలి. దళిత్ ఇండియన్ ఛాంబర్ 2005 నుంచి అదే పనిలో ఉంది. ఇంకో పక్షం అంటున్నది: కాంట్రాక్టు పద్ధతే దోపిడీ, అందులో వాటా అడగడమంటే మన అక్కచెల్లెళ్ళ కూలిలోంచి మనమే 20 లెస్ కొట్టడం. మా యూనియన్ మిత్రులు కొందరు ఆ తమ్ముణ్ణి మా ఇంట్లోనే ముఖం మీద అడిగారు: ‘రేపు నీ కింద పనిచేసే మన అవ్వకు మినిమం వేజ్ ఇస్తవా?’ అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నాకు కట్టిన రేటులో ఆమె కూలి ఉంటే ఇస్తనన్నా. లేకపోతే ఎవడూ ఇయ్యలేడు’ అన్నాడు.

నా అభిప్రాయం అతని జవాబుకే దగ్గర. లైసెన్సులో వాటా కావాలి, అందులో నాకు అనుమానం లేదు. శతాబ్దాలుగా తోట మన చేతుల మీద పెరిగి, బిల్లు ఇంకొకరి పేరు మీద పాసవడం ఆగాలి. కానీ వాటా అడిగేటప్పుడే కూలిని లెస్‌లోంచి బయటికి తీయమని కూడా అడగాలి. అంచనాలో కూలి భాగం, పీఎఫ్, ఈఎస్‌ఐ స్థిరంగా ఉండి, పోటీ మిగతా దాని మీదే జరగాలి. అప్పుడు ఎవరు గెలిచినా ఆమె జీతం తగ్గదు. సర్కారు తలుచుకుంటే ఒక్క సర్క్యులర్ పని. రెండోది, పెట్టీ కాంట్రాక్టర్ పేరు ఎం-బుక్‌లో ఎక్కాలి, ఆ పని అతని అనుభవంగా లెక్కకు రావాలి. మూడోది, ఎస్సీ, ఎస్టీలకు చిన్న పనుల్లో సాల్వెన్సీ అడగకూడదు. పని చేయకపోతే పట్టి ఉంచిన 7.5 శాతం సర్కారు దగ్గరే ఉంది కదా!

యూనియన్ మిత్రులకు ఇంకో మాట. ఉన్న చట్టాన్ని కూడా మనం వాడుకోలేదు. 1970 చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని, అంటే ఆ కార్పొరేషనో, యూనివర్సిటీయో కట్టాల్సి ఉండేది. పర్మినెంట్ మాలి, కాంట్రాక్టు మాలి ఒకే పని చేస్తుంటే ఒకే వేతనం ఇవ్వాలని 1971 కేంద్ర నిబంధనల్లోనే ఉండేది. తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతనం అని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క పర్మినెంట్ మాలి మిగిలిన చోటైనా సరే పట్టుకోండి, పోలికకు ఆయన ఉన్నాడు. ఆయన రిటైర్ అయ్యాక పోల్చడానికి కూడా ఎవరూ ఉండరు, పోస్టులు నింపకపోవడంలో ఉన్న తెలివి అది. ధర్నా చౌక్ ఇందిరా పార్కు గోడ పక్కనే ఉంది. 2017లో దాన్ని మూసేస్తే కోర్టుకు పోయి తెరిపించుకోవాల్సి వచ్చింది. అక్కడ కూర్చుని నినాదాలు ఇచ్చిన మనం, గోడకు అవతల గడ్డి కోస్తున్నవాళ్ళను ఎన్నిసార్లు పలకరించాం?

విద్యార్థులకు ఒక పని ఇస్తున్నాను. మీ కాలేజీ, మీ యూనివర్సిటీ, మీ హాస్టల్ తోట కాంట్రాక్టు వివరాలు సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఖర్చు. నాలుగు ప్రశ్నలు చాలు: అంచనా ఎంత, ఎంత లెస్‌కు పోయింది, రిజిస్టర్‌లో ఎంతమంది పేర్లున్నాయి, పీఎఫ్ చలాన్లలో ఎంతమంది ఉన్నారు. జవాబు వచ్చాక పొద్దున ఏడింటికి తోటలోకి పోయి మనుషుల్ని లెక్కపెట్టండి. మా దగ్గర పిల్లలు ఒక సంస్థలో ఇది చేశారు. చలాన్లో పదకొండు పేర్లున్నాయి. తోటలో ఏడుగురు దొరికారు. మిగతా నలుగురి పేర్లు చదివి వినిపిస్తే, అందులో ఒకామె రెండేళ్ళ కింద మానేసి ఊరికి పోయిందని తోటలో ఉన్నవాళ్ళే చెప్పారు. ఫిర్యాదు కార్మిక శాఖలో ఉంది, తేదీ వచ్చే నెలలో పడింది.

తమ్ముడు ఇప్పటికి ఒక పని సొంత పేరు మీద చేశాడు. చిన్నది, ఒక కాలనీ పార్కు. పని అయిపోయింది, గడ్డి పట్టింది, ఫైనల్ బిల్లు ఇంకా రాలేదు. అనుభవ పత్రం మాత్రం వచ్చింది, దాన్ని లామినేషన్ చేయించి నాకు ఫొటో పంపాడు.

వచ్చే భాగంలో ఊడ్చే పనుల టెండర్ల సంగతి చూద్దాం. జై భీమ్.